శ్రీ అడివి బాపిరాజుగారు: జీవితము, చారిత్రక నవలలు

ఆంధ్రదేశమున చరిత్రకథను పండితుల బల్లపైనుండి సామాన్యుల యింటిలోనికి దెచ్చిన నవలాకారులలో శ్రీ అడివి బాపిరాజుగారు ముఖ్యులు. వారు కవులు, చిత్రకారులు, గాయకులు, కథకులు, పత్రికాసంపాదకులు, అధ్యాపకులు. స్వాతంత్ర్యోద్యమమున కారాగారమునకు బోయిన దేశభక్తులు. ఇన్ని రంగములందు పేరు గడించినను పల్లెటూరి పాఠకునకు వారు మొట్టమొదట గోనగన్నారెడ్డి నవలను వ్రాసినవారే. తండ్రి చదివి కుమార్తె చేతికి, అత్త చదివి కోడలి చేతికి సంకోచము లేక ఇయ్యదగిన ప్రేమకథను వ్రాయుట తేలిక పని గాదు. ఆ పనిని వారు పలుమారులు చేసి చూపిరి. అట్టి కథలు జనుల నంతగా నాకర్షించుటకు గల కారణము వారి జీవితమును, రచనలను కలిపి పరిశీలించినచో బోధపడును.

బాపిరాజుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన జన్మించిరి. తల్లి సుబ్బమ్మగారు, తండ్రి కృష్ణయ్యగారు. పశ్చిమగోదావరి మండలములోని భీమవరము ప్రాంతము వారి స్వస్థలము. ప్రాథమిక విద్య ముగిసిన పిదప వారు రాజమహేంద్రవరములోని ప్రభుత్వ కళాశాలలో జేరిరి. ఆ కళాశాలకు ఆ కాలమున అధ్యక్షులుగా నుండినవారు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయులు. పాలకజాతికి జెందినవాడైనను ఆయనకు భారతీయ శిల్పచిత్రకళలయందు మిక్కిలి గౌరవము. విద్యార్థులలో నెవ్వనికి కుంచెపై మక్కువ గలదో, ఎవ్వనికి కవితపై ఆసక్తి గలదో కనిపెట్టి ప్రోత్సహించుట ఆయన స్వభావము. అతిపిన్న వయసుననే కీర్తిశేషుడైన చిత్రకారుడు దామెర్ల రామారావు, కవియగు కవికొండల వెంకటరావు ఆ గురువు నీడలోనే పెరిగిరి. బాపిరాజుగారును ఆ కోవలోనివారే. అజంతా గుహలలోని చిత్రములు, అమరావతి స్తూపముపైని శిల్పములు వారి మనస్సునకు నిత్యపాఠములైనవి. చరిత్రను వారు గ్రంథములలో చదువుటయే గాక కంటితో చూచుట నేర్చినది ఈ దశలోనే. తరువాతి కాలమున వారి నవలలలో రాణుల నగలు, నర్తకుల అడుగులు, రథముల చెక్కడములు అంత స్పష్టముగా గోచరించుటకు ఈ చిత్రకారదృష్టియే మూలము.

విద్య ముగియుసరికి దేశమంతయు గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమముతో నుఱ్ఱూతలూగుచుండెను. బాపిరాజుగారు ఆ యుద్యమమున బాల్గొని 1922 ప్రాంతమున ఒక సంవత్సరము కారాగారవాస మనుభవించిరి. అనంతరము మద్రాసులో న్యాయశాస్త్రము చదివి భీమవరమున కొంతకాలము న్యాయవాదవృత్తి సాగించిరి. ఆ వృత్తిలో స్థిరపడినచో ధనార్జనకు లోటుండెడిది గాదు. కాని వారి మనస్సు వ్యాజ్యముల కాగితములపై నిలువలేదు. మచిలీపట్టణమున 1910లో స్థాపింపబడిన ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ యను వంగదేశ చిత్రకారుని యొద్ద వారు చిత్రలేఖనము నభ్యసించియుండిరి. ఆ కళాశాలకే 1935 మొదలు 1939 వరకు వారు అధ్యక్షులైరి. చలనచిత్రముల రంగస్థలములకు, వేషములకు కళాదర్శకత్వము వహించుటయు వారి జీవితములో నొక ఘట్టము. 1936లో వెలువడిన అనసూయ, ధ్రువవిజయము, 1947లో వెలువడిన పల్నాటియుద్ధము అను చిత్రములలో వారి కళాదృష్టి పనిచేసినది. ఇట్లు ఒక పని విడిచి మఱియొక పనిలో బ్రవేశించుట లోకవ్యవహారమున నష్టదాయకమే. ఆ నష్టము వారికి తప్పలేదు. అయినను చూచిన ప్రతి దేశము, నేర్చిన ప్రతి విద్య వారి కథలకు పెట్టుబడి అయ్యెను.

వారికి పూర్వమే తెలుగున చారిత్రక నవల పుట్టియున్నది. ఆంగ్లదేశమున సర్ వాల్టర్ స్కాటు 1814లో వేవర్లీ యను నవలను బ్రకటించి చరిత్రను, ప్రణయమును ఒకే కథలో గూర్చు పద్ధతిని ప్రచారములోనికి దెచ్చెను. వంగదేశమున బంకించంద్రుడు 1865లో దుర్గేశనందినిని వ్రాసెను. తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి హేమలత 1896లో వెలువడినది. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్రగ్రంథములను బ్రకటించుటయే గాక నవలల పోటీలు నడపి చారిత్రక నవలలకు బహుమానము లిచ్చిరి. ఆ దినములలో నవల యనగానే పెద్దలు ముఖము చిట్లించుచుండిరి. ఆడపిల్లలు నవల చదివినచో చెడిపోవుదురను భయము పలుయిండ్లలో నుండెడిది. అట్టి యిండ్లలోనికి మొదట ధైర్యముగా నడుగిడినది చారిత్రక నవలయే. దానియందు ప్రేమ గలదు, దానితోబాటు పూర్వుల చరిత్రయు గలదు. ప్రేమను కాదను పెద్దలు పూర్వుల చరిత్రను కాదనలేకపోయిరి.

బాపిరాజుగారికి గొప్ప పేరు దెచ్చిన మొదటి నవల నారాయణరావు సాంఘికము. 1934లో ఆంధ్రవిశ్వవిద్యాలయము నిర్వహించిన పోటీలో ఈ నవలయు, విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలును బహుమానమును సమముగా బంచుకొన్నవి. జమీందారు కుమార్తెయగు శారదకు సామాన్య సంపన్నకుటుంబమునకు జెందిన నారాయణరావుతో వివాహమగును. ఐశ్వర్యగర్వముతో పెరిగిన ఆ బాలిక భర్తను మొదట లెక్కచేయదు. అతడు బలవంతమునకు బూనక ఓర్పుతో, సంస్కారముతో ఆమె మనస్సు మాఱుదాక వేచియుండును. పెండ్లితో ముగియు కథలు లోకమున పెక్కులు. ఇది పెండ్లితో ప్రారంభమై ప్రేమవైపు నడచిన కథ. భార్య హృదయము భర్తకు తాళిబొట్టుతోనే సంక్రమించిన ఆస్తి గాదనియు, దానిని యోగ్యతచే సంపాదించుకొనవలెననియు ఈ నవల చెప్పక చెప్పినది. బాపిరాజుగారి చారిత్రక నవలలన్నింటికిని ఇదియే పునాదిరాయి.

1944 ప్రాంతమున వారు హైదరాబాదునకు వచ్చి మీజాను పత్రిక తెలుగు ప్రతికి సంపాదకులైరి. ఆ పత్రిక ఉర్దూ, ఆంగ్లము, తెలుగు భాషలలో వెలువడుచుండెను. నిజాము రాజ్యమున అప్పుడు కచేరీలలోను, పాఠశాలలలోను ఉర్దూయే చెల్లుబాటు భాష. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును ఉర్దూయే బోధనభాష. ఇంటిలో తెలుగు మాటలాడి, బడిలో ఉర్దూ చదివి, దస్తావేజులపై ఉర్దూలో చేవ్రాలు చేయవలసిన కాలమది. ఆ లోటును దీర్చుటకే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. ఇట్లు గ్రంథాలయములును పత్రికలును కలిసి తెలుగును నిలువబెట్టుచున్న ప్రదేశమునకు బాపిరాజుగారు వచ్చిరి. కాకతీయుల రాజధాని యున్న భూభాగమది. ఆ రాజుల పేరు వినినంతనే ఛాతి విప్పార్చు జనులున్న భూభాగమది. 1940ల మధ్యకాలమున వెలుగు చూచిన గోనగన్నారెడ్డి నవల ఈ వాతావరణమున కెంతయు దగినది.

ఆ కథ కాకతి గణపతిదేవచక్రవర్తి వృద్ధాప్యమున ప్రారంభమగును. పుత్రసంతతి లేని చక్రవర్తి తన కుమార్తె రుద్రమను కుమారునివలె పెంచి రాజ్యము నప్పగింపదలచును. ఆడుది సింహాసనమెక్కుట సహింపని సామంతులు తిరుగుబాటునకు సిద్ధపడుదురు. వర్ధమానపురపు గోన లకుమయారెడ్డి వారిలో నొకడు. అతని యన్న కుమారుడు గన్నారెడ్డి బయటికి గజదొంగ, లోపల కాకతీయసింహాసనమునకు బద్ధసేవకుడు. లకుమయారెడ్డి కుమారునకును ఆదవోని రాకుమార్తె అన్నాంబికకును వివాహము నిశ్చయింపబడును. అది పేరునకు పెండ్లియే గాని నిజమునకు ద్రోహుల పొత్తు. గన్నారెడ్డి పెండ్లికుమారుని హరించి ఆ పొత్తును భంగపఱచును. తన యిష్టముతో నిమిత్తము లేక నిర్ణయింపబడిన పెండ్లి తప్పినందున అన్నాంబిక యేడ్వదు. ఓరుగల్లు చేరి కత్తి పట్టి రుద్రమకు అంగరక్షకురాలగును. ఆమెకును గన్నారెడ్డికిని నడుమ కలిగిన అనురాగము, రుద్రమకును నిడదవోలు చాళుక్య వీరభద్రునకును నడుమ కలిగిన అనురాగము కథలో రెండు కాలువలవలె ప్రవహించును. ఆ రెంటికిని అడ్డుకట్ట ఒక్కటే. రాజ్యము నిలిచినగాని పెండ్లి లేదు.

ఇచటనే బాపిరాజుగారి కథలలోని ఆకర్షణ దాగియున్నది. వారి వర్ణనలలో శృంగారము లేదనుట పొరపాటు. చిత్రకారులగుటచే స్త్రీసౌందర్యమును, వసంతోత్సవములను, వెన్నెలరాత్రులను వారు మనసారా వర్ణించిరి. కాని ఆ శృంగారము హద్దు దాటదు. నాయకుడు నాయిక గౌరవమును తన ప్రాణముకంటె నెక్కువగా జూచును. నాయిక తన కర్తవ్యమును తన కోరికకంటె ముందు నిలుపును. ఇరువురి నడుమ దూరమున్నంత కాలము ఒక చూపు, ఒక సందేశము, ఒక మౌనము చదువరికి గొప్ప సంఘటనలగును. చెఱువు కట్ట గట్టిగా నున్ననే నీరు నిలుచును. కట్ట లేని నీరు వరదయై యొక పూటలో పోవును. మర్యాద యను కట్ట యుండుటచేతనే వారి ప్రణయకథ వందలకొలది పుటలు నిండుగా నిలిచినది. చదువరికి తెలియకుండనే అతని మనస్సులో ఒక కొలత యేర్పడును. తాను మెచ్చిన గన్నారెడ్డి పరస్త్రీని గౌరవించినట్లు తానును గౌరవింపవలెనని యువకునకు దోచును. అన్నాంబికవలె తన జీవితమునుగూర్చి తానొక నిశ్చయము జేసికొనవచ్చునని యువతికి దోచును.

ఆంగ్లదేశమునందును ఇట్టి కథలే కోట్లమంది నలరించినవి. రాజగు మూడవ జార్జి మతిభ్రమకు లోనుగా, 1811 మొదలు 1820 వరకు ఆతని కుమారుడు రాజప్రతినిధిగా పాలించెను. ఆ కాలమునే రీజెన్సీ యుగమందురు. జేన్ ఆస్టిన్ అను రచయిత్రి ఆ కాలముననే జీవించి తన కంటియెదుటి కుటుంబముల పెండ్లికథలను వ్రాసినది. ఆమె 1817లో మరణించినది. అటుపై నూఱేండ్లు గడచిన పిదప జార్జెట్ హేయర్ అను మఱియొక రచయిత్రి ఆనాటి వస్త్రములు, బండ్లు, నృత్యసభలు, మాటతీరు శ్రద్ధతో పరిశోధించి 1935లో రీజెన్సీ బక్ మొదలగు నవలలు వెలువరించినది. నారాయణరావునకు బహుమానము వచ్చిన మఱుసటి యేడే యిది. ఆ నవలలందును మర్యాదయే కట్ట, చూపును మాటయుమాత్రమే ప్రవాహము. ఐనను ఒక భేదము గలదు. ఆంగ్లనాయిక యెదుట నున్న ప్రశ్న సామాన్యముగా తన పెండ్లి, తన ఆస్తి, తన పరువు. బాపిరాజుగారి నాయిక యెదుట వానితోబాటు దేశము నిలుచునా కూలునా అను ప్రశ్నయు గలదు. స్వతంత్రదేశపు రచయిత్రికి గతకాలము విహారస్థలము. పరాధీనదేశపు రచయితకు గతకాలము పోగొట్టుకొనిన యిల్లు. అందుచేతనే మన కథలలో ప్రేమకు వీరము తోడైనది.

చరిత్రకును నవలకును గల భేదమును చదువరులు మఱవరాదు. శాసనము పహాణీ వంటిది. భూమి యెవరిదో, విస్తీర్ణ మెంతయో, దానమెప్పుడు జరిగెనో అది చెప్పును. ఆ భూమిపై నవ్వినవారి నవ్వును, ఏడ్చినవారి యేడ్పును చెప్పదు. అది చెప్పుట కవిపని. గోన గన్నయరెడ్డి యను కాకతీయ సేనాని నిజముగా నుండెను. రాయచూరు కోటలోని 1294 నాటి శాసనము ఆతని పేరు నెత్తుచున్నది. రంగనాథరామాయణకర్త గోన బుద్ధారెడ్డి వంశము ఆతనిది. కాని ఆతడు గజదొంగయై తిరుగుట, పెండ్లికుమారుని హరించుట కవికల్పనలు. 2015లో వచ్చిన రుద్రమదేవి చలనచిత్రమునందును గన్నారెడ్డి బందిపోటుగా గన్పట్టినందున చాలమంది దానినే చరిత్రయని నమ్ముచున్నారు. కల్పన అంత బలముగా నాటుకొనుట కవికి గౌరవమే. ఐనను దానిని చరిత్రగా జెప్పుట పాఠకునకు దగదు.

రుద్రమ విషయము వేఱు. ఆమె 1262 మొదలు 1289 వరకు రాజ్యమేలిన మాట నిక్కము. శాసనములలో ఆమె రుద్రదేవమహారాజను పురుషనామముతో పేర్కొనబడినది. మార్కోపోలో యను వెనీసు యాత్రికుడు ఆమె పాలనను ప్రశంసించుచు ఆమెను రాజు భార్యగా భ్రమపడెను. ఆమె గణపతిదేవుని కుమార్తె యని శాసనములు తేల్చినవి. నవల వెలువడిన పెక్కేండ్లకు వెలుగులోనికి వచ్చిన నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనము 1289 నవంబరునాటిది. రుద్రమయు, ఆమె సేనాని మల్లికార్జుననాయకుడును శివసాయుజ్యము నొందిరని అది తెలుపుచున్నది. సింహాసనముపై స్త్రీ యొక్కతె కూర్చుండుటకై జరిగిన పోరాటము కవి యూహ గాదని, అది ప్రాణములను గోరిన నిజమని దీనివలన స్పష్టమగుచున్నది.

కురవి వాసులకు ఈ కథ దూరపుకథ గాదు. ఈ యూరి పేరు వేయేండ్లనాటి కొరవి శాసనమున గలదు. ముదిగొండ చాళుక్యులు ఏలిన చోటిది. తెలుగు వచనమున వెలసిన ప్రాచీనశాసనములలో ఆ శాసనమును పండితులు ముఖ్యమైనదిగా నెంచుదురు. సమీపముననే బయ్యారము చెఱువు గలదు. గణపతిదేవుని సోదరియగు మైలాంబ త్రవ్వించిన ఆ తటాకమునకు శాసనమున ధర్మకీర్తిసముద్రమను పేరు. కాకతీయవంశక్రమమును చరిత్రకారులు కూర్చుకొనుటకు ఆ శాసనమే గొప్ప ఆధారమైనది. రాచయింటి స్త్రీలు అంతఃపురమునకే పరిమితులు గాక రైతుపొలమునకు నీరు దెచ్చిరనుటకు ఆ చెఱువే సాక్షి. బాపిరాజుగారు అన్నాంబికచేతికి కత్తి నిచ్చుట కల్పనయే యగుగాక. ఆ కల్పనకు దగిన నేల యిచట నిజముగానే యుండెను.

ఇతర చారిత్రక నవలలందును వారు ఈ మార్గమునే యనుసరించిరి. హిమబిందు శాతవాహనుల కాలమునాటి కథ. వర్తకశ్రేష్ఠి కుమార్తె హిమబిందు, శిల్పికుమారుడు సువర్ణశ్రీ దానియందు నాయికానాయకులు. రాజపుత్రుడు గాక శిల్పికుమారుడు నాయకుడగుట గమనింపదగినది. అడవి శాంతిశ్రీ ఇక్ష్వాకుల విజయపురికి సంబంధించినది. 1926లో బయటపడిన నాగార్జునకొండ శిథిలములలోని శాసనములందు అడవి చాంతిసిరి యను రాకుమార్తె పేరు గానవచ్చును. రాతిపై మిగిలిన ఒక్క పేరునకు బాపిరాజుగారు మనస్సును, మాటను, మమతను గల్పించిరి. అంశుమతి వేంగీ చాళుక్యుల తొలినాళ్లను స్మరించునది. ఇట్లు కృష్ణాతీరము, గోదావరితీరము, ఓరుగల్లు మూడును వారి నవలలలో ఒకే యింటి గదులవలె నమరినవి.

వారి రచనలలో లోపములు లేకపోలేదు. వారి నాయకులు మిక్కిలి మంచివారు. పొరబడి, పడి, లేచి నేర్చుకొను మానవుడు వారి చారిత్రక కథలలో అరుదు. వర్ణనలు కొన్నియెడల కథను వెనుకకు లాగును. రాజులును సేనానులును వెలుగులో నుండగా పన్ను గట్టిన కాపు, చెఱువు త్రవ్విన కూలి నీడలోనే యుందురు. గతమంతయు బంగారమే యని నమ్మిన పాఠకుడు వర్తమానమును నిందించుటయే దేశభక్తి యనుకొను ప్రమాదము గలదు. కావున వారి నవలతోబాటు ఒక చరిత్రగ్రంథమును గూడ చదువుట మేలు. నవల ఉత్సాహమునిచ్చును, చరిత్ర వివేకమునిచ్చును. రెండును ఒకే అలమరలో దొరకుట గ్రంథాలయమువలని లాభము.

బాపిరాజుగారి తుదిదినములు గూడ కళాసేవలోనే గడచినవి. గుంటూరున నవ్యసాహిత్యపరిషత్తు కార్యములలో వారు ప్రముఖముగా బాల్గొనియుండిరి. మిత్రులకు వారు బాపిబావ. పాట పాడుచు బొమ్మ గీయుట, బొమ్మ గీయుచు కథ చెప్పుట వారికి సహజము. శశికళ యను ఊహాసుందరినిగూర్చి వారు పాడిన గేయములు, తిక్కనసోమయాజిని చిత్రించిన పటము సుప్రసిద్ధములు. 1951లో మద్రాసు ప్రభుత్వమువారు వారిని సింహళమునకు బంపిరి. సిగిరియా కొండగోడలపై క్రీస్తుశకము అయిదవ శతాబ్దిలో వ్రాయబడిన అప్సరసల చిత్రములకు నకళ్లు దీయుట వారి పని. అజంతాను తలచుచు ప్రారంభించిన చిత్రకారునకు జీవితాంతమున మఱియొక అజంతా దర్శనమైనది. మఱుసటి సంవత్సరముననే, 1952 సెప్టెంబరు 22వ తేదీన, యేబదియేడవ యేట మద్రాసులో వారు పరమపదించిరి. మధురవాణి, శిలారథము అను నవలలు వారి చేతిలో పూర్తిగాక మిగిలిపోయినవి.

న్యాయవాదిగా కూడబెట్టవలసిన ధనమును వారు కూడబెట్టలేదు. వారు మిగిల్చిపోయినది చదువరుల చేతులు మాఱిన కొలది అట్టలు చినుగు కొన్ని పుస్తకములు మాత్రమే. గ్రంథాలయపు లెక్కలో చినిగిన అట్ట నష్టము క్రింద వ్రాయబడును. గోనగన్నారెడ్డి అట్ట చినిగినయెడల ఆ పద్దును లాభము క్రింద వ్రాసికొనుట న్యాయము.